పని ఆగిన చోట సుద్దరాత

మాస్టారు పోయారన్న సంగతి నాకు ఖరగ్‌పూర్ మలంచా పేటలో ఒక మూసిన షట్టరు మీద తెలిసింది. చైత్రం ఎండలు మొదలయ్యాక ఆ ఫ్యాన్ల కొట్టు మూసి ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. ఆటో దిగి దగ్గరికి వెళితే సుద్దముక్కతో రాసి ఉంది, తెలుగులో ఒకసారి, కింద బెంగాలీలో ఒకసారి: "మాస్టారు పోయినారు. ఫ్యాన్లు ఎల్లుండి ఇస్తాను." రెండుసార్లు చదివాను. ఏడుపు రాలేదు. పని ఆగితే ఎక్కడ ఆగిందో రాసి వెళ్ళడం ఆ కొట్టు అతనికి నేర్పింది మాస్టారే. ఆ మాట గుర్తు చేసుకుంటూ అదే ఆటో ఎక్కి మాస్టారింటికి బయల్దేరాను.

మాస్టారు రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిసులకు పని నేర్పేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాతగారు ఖరగ్‌పూర్ వచ్చారట. మా క్వార్టరూ ఆయన క్వార్టరూ ఒకే వరసలో ఉండేవి. నేను హైస్కూల్లో కామర్స్ చెప్పేదాన్ని. ఎనభైల చివర్లో వర్క్‌షాపులోకి కొత్తవాళ్ళను తీసుకోవడం తగ్గిపోతోందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. ఇంటికొక కొడుకు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. "కూకున్నోడికి ఉజ్జోగం రాదు, తిమ్మిరొస్తాది" అనేవారు మాస్టారు. అలా అని ఊరుకోలేదు. తెలుగు సంఘం హాలు సాయంత్రాలకు అడిగి తీసుకుని, సొంతంగా పని పెట్టుకోవడం ఎలాగో నేర్పడం మొదలుపెట్టారు. చేతిపని ఆయన చెప్పేవారు. ధర ఎలా కట్టాలి, గిరాకీ ఎలా చూసుకోవాలి అన్నది నా వంతు.

ఆయన చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది, అందులో సుద్ద ఉంటుంది కనక. డ్యూటీ దిగేవాడు పని ఎక్కడ ఆపాడో దాని మీదే సుద్దతో రాసి వెళ్ళాలి, తరవాత ఎక్కేవాడికి తెలియాలి. వర్క్‌షాపు అలవాటు ఇంటిదాకా వచ్చింది. సగం రంగు వేసిన అలమర మీద "కింద అర మిగిలింది" అని ఉండేది. సగం తరిగిన బెండకాయల మీద కూడా రాస్తారేమోనని ఆయన భార్య నవ్వేది. ఆయన మాత్రం నవ్వేవారు కాదు.

తొంభైల మొదట్లో ఒక రోజు మా స్కూలు నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. వ్యాపారం పెట్టుకోవడం ఎలా నేర్పాలన్న విషయం మీద భువనేశ్వర్‌లో సదస్సు. ఇంకా తొలి దశలో ఉన్న పనుల గురించి కూడా రాసి పంపవచ్చునని అందులో ఉంది. సరిగ్గా ఆ నెలలోనే సంఘం పెద్దలు మా క్లాసు ఎత్తేసి హాలును క్యారమ్స్ ఆడేవాళ్ళకు ఇద్దామంటున్నారు. వాళ్ళదీ తప్పు కాదు. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో కొట్టు పెట్టింది ఒక్కడే. ఇందా పేటలో, పాడైన ఫ్యాన్లకు తీగ చుట్టే వైండింగ్ కొట్టు, దుర్గాపూజలకు తెరిచి, నాలుగు నెలలు తిరక్కుండా మూసేశాడు. సదస్సు నుంచి ఒక ఉత్తరం తెచ్చి చూపిస్తే పెద్దల నోరు మూతపడుతుందని నా ఆశ.

ఎనిమిది పేజీలు రాశాను. బాగా వచ్చిందని నాకే అనిపించింది. ఆ కొట్టు సంగతి మాత్రం ఎక్కడా రానివ్వలేదు. మాస్టారు వరండాలో కూర్చుని, కళ్ళజోడు పైకి తోసుకుంటూ మొత్తం చదివారు.

"బాగుందమ్మా. మరి ఫ్యాన్ల కొట్టేదీ?"

"మూసేశాడు కదండీ. అది రాస్తే మనం నేర్పిందే తప్పంటారు. పైగా పూజలకి తెరవమన్నది మీరు."

"అందుకే రాయాల."

జేబులోంచి సుద్ద తీసి నా కాగితాల మీద పెట్టారు. "సుద్దరాత నేకపోతే ఎనకాలొచ్చినోడు పని అయిపోనాదనుకుంటాడు. దాని మీద బరువెడతాడు" అన్నారు. తరవాత ఒక సంగతి చెప్పారు. రైల్వేలో చేరకముందు ఆయన ఒక చిన్న లేత్ మిషన్ షెడ్డులో పనిచేశారు. ఒక బల్లకు సగమే బోల్టులు బిగించి అన్నానికి వెళ్ళారు. తోటివాడు వచ్చి దాని మీద ఇనుము పెట్టాడు, బల్ల కూలింది. "నా ఈడోడే. సేతి ఏళ్ళు రెండు పోనాయి. సుద్ద నా జేబులోనే ఉంది. రాయనేదు, అంతే."

నాకు కోపం వచ్చింది. బల్ల వేరు, సదస్సు వేరు అనుకున్నాను. అయినా చివర ఒక పేజీ చేర్చాను. ఇక్కడిదాకా వచ్చాం, మా సలహా మీద పెట్టిన ఒకే ఒక్క కొట్టు మూతపడింది, ఎందుకో మాకు తెలియదు అని. ఆ పేజీ పెట్టి కవరు అంటించేటప్పుడు, క్లాసుకు నీళ్ళు వదిలేసుకున్నట్టే అనిపించింది.

నెల తరవాత జవాబు వచ్చింది. రమ్మన్నారు. వస్తూ ఒక ప్రశ్నకు సమాధానం తెమ్మన్నారు: ఎందుకు మూశావని అతన్ని అడిగారా?

అడగలేదు. వీధిలో వాళ్ళు బద్ధకస్తుడన్నారు, మేమూ అలాగే అనుకున్నాం. ఆ ఉత్తరం చదివినప్పుడు పడ్డ సిగ్గు నాకు ఇప్పటికీ గుర్తుంది. మర్నాడు ఇద్దరం రిక్షా కట్టించుకుని ఇందా వెళ్ళాం. అతను వేరేవాళ్ళ కొట్టులో బల్బులు అమ్ముతున్నాడు. మమ్మల్ని చూసి కంగారుపడి టీ తెప్పించాడు.

"ఏటుందండి మాస్టారూ. సలికాలం ఫ్యాను ఎవలు తెస్తారు? బెంగాలీ దాదాలు శాలువాలు కప్పుకునొచ్చి, హీటరు బాగుసేస్తావా అని అడిగీవోరు."

అప్పుడు గాని మాకు తట్టలేదు. రైల్వేలో ఫ్యాన్ల పని చలికాలంలోనే. రైలు పెట్టెల్లోవీ ఆఫీసుల్లోవీ అన్నీ దించి, కడిగి, చుట్టి, ఎండలకు సిద్ధం చేస్తారు. పూజలు దాటితే ఫ్యాన్లు గుట్టలు పడటం మాస్టారు ముప్ఫై ఏళ్ళు చూశారు. అక్కడే పనిచేసిన మా నాన్నల నోట ఆ గుట్టల మాట వింటూ ఆ కుర్రవాడూ నేనూ పెరిగాం. ఊళ్ళోవాళ్ళు మాత్రం తిరిగే ఫ్యానును దించరు. చైత్రంలో ఆగిపోయాక పరుగెత్తుకొస్తారు. రైల్వే వాళ్ళం కనకనే మా ముగ్గురిలో ఒక్కరికీ ఇది ముందు తోచలేదు.

"మరప్పుడే సెప్పనేదేటి?" అన్నారు మాస్టారు.

"మీరే మంచి రోజు సూసి తెరిపించినారు. మీ మాట తప్పని ఎలా సెప్పీదండీ?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "తప్పు నాది. ఆదివారం హాలుకొచ్చి ఈ మాటే సెప్పు. నా మొగం సూసి మింగీకు."

వచ్చి చెప్పాడు. పెద్దలందరూ వర్క్‌షాపువాళ్ళే. తరవాత ఒక పెద్దాయన, "నానైనా పూజలకే తెరిసీవోణ్ణి" అని నవ్వాడు, మిగతావాళ్ళూ నవ్వారు. అధ్యక్షులవారు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంతకీ ఇది పాసా, ఫెయిలా అమ్మా?" అని అడిగారు. పని ఇంకా నడుస్తోందండీ అన్నాను. హాలు మాకే ఉంచారు. క్యారమ్ బోర్డులు ఒక మూలకు వచ్చాయి, అంతే.

భువనేశ్వర్‌కు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. వెనక వైపు చిన్న గది, పదిమంది లేరు. మాస్టారి తప్పును ఆయన చెప్పమన్నట్టే చెప్పాను. నాలాగే పిల్లలకు నేర్పే ఒకావిడ రాసుకుంది. వచ్చి ఆయనకు ఆ మాట చెబితే, "ఆవిడి పిల్లలు బాగుపడతారు" అన్నారు. ఫాల్గుణంలో మలంచాలో ఫ్యాన్ల కొట్టు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి రోజు అతనే చూసుకున్నాడు.

మాస్టారు గొప్పవారని రాస్తే ఆయనే ఒప్పుకోరు. మొండిమనిషి. ఎవరైనా పొగిడితే లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయేవారు. నాకు తెలియనిది తెలియదని రాయగలగడం ఆయన వల్లే వచ్చింది. ఈ మాట ఆయనతో ఒక్కసారైనా అని ఉండాల్సింది, అనలేదు.

ఆ రోజు మాస్టారిని సమాధి చేసి అందరం ఆయన ఇంటికి వచ్చాం. వరండాలో ఒక స్టూలు తలకిందులుగా ఉంది. మూడు కాళ్ళు బిగించి ఉన్నాయి, నాలుగోది ఊగుతోంది. చెక్క అడుగున సుద్దతో, కాస్త వణికిన అక్షరాలు: "మూడు అయినాయి. నాలుగోది చూసుకో." ఫ్యాన్ల కొట్టు అతను చదివి స్టూలును సైకిలుకు కట్టుకున్నాడు.

మొన్న మా ఫ్యాను ఇవ్వడానికి వెళితే, "కూకోండి టీచరమ్మా" అని ఆ స్టూలే వేశాడు. కూర్చునే ముందు ఎత్తి అడుగున చూశాను. మాస్టారి రాత చెరపలేదు. దాని కింద అతను రాశాడు: "చూసినాను, మాస్టారూ."

స్టూలు దించి కూర్చున్నాను.