కృతజ్ఞతకు నిర్వచనం కోరిన ఫైలు

కరోనా తర్వాత తరగతులు మళ్ళీ గాడిన పడిన ఏడాది జూన్‌లో నన్ను పరీక్షల విభాగం నుంచి ఎండోమెంట్ల విభాగానికి డిప్యూటీ రిజిస్ట్రారుగా మార్చారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి మీదా పత్తి మీదా సంపాదించినవాళ్ళు తల్లిదండ్రుల పేరిట పేద విద్యార్థులకు ఇచ్చే ఉపకారవేతనాలను చూసుకోవడం ఆ విభాగం పని. పరీక్షల విభాగంలో పిల్లలు తిడతారు, ఇక్కడ దండాలు పెడతారు, రిటైరయ్యే ముందు హాయిగా ఉంటుందని తోటి ఉద్యోగులు నన్ను అభినందించారు. దండాలు పెట్టించడం కూడా ఆ పనిలో భాగమేనని అప్పటికి నాకు తెలియదు.

ఎండోమెంటు అంటే దాత కొంత మొత్తాన్ని విశ్వవిద్యాలయం పేరిట శాశ్వతంగా జమ చేయడం. అసలు బ్యాంకులో కదలకుండా ఉంటుంది, వడ్డీని ఏటా విద్యార్థులకు ఇస్తాం. మార్కులెన్ని ఉండాలి, కుటుంబ ఆదాయం ఎంత మించకూడదు, రెండో ఏడాది దేన్నిబట్టి కొనసాగించాలి అన్నవన్నీ దస్తావేజులో రాస్తే పాలకమండలి ఆమోదిస్తుంది. ఆ తర్వాత అందులో ఒక్క మాట మార్చాలన్నా మళ్ళీ పాలకమండలికే వెళ్ళాలి. ఆ అధికారం దాతకు లేదు, వైస్ చాన్సలర్‌కూ లేదు. ఈ సంగతి దాతలకు సాధారణంగా తెలియదు. వైస్ చాన్సలర్లకు తెలిసినా గుర్తుండదు.

నాకు అప్పగించినవాటిలో పెద్దది శేషమ్మ స్మారక ఉపకారవేతనం. ఇచ్చినవారు ఆమె కుమారుడు వెంకట్రాయుడు గారు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని, పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. మంచివారు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. ఏటా తల్లి వర్ధంతి రోజున కల్యాణమండపంలో సభ పెట్టి, ఉపకారవేతనం అందుకున్న పిల్లల చేత వేదిక మీద తమ కష్టాలు చెప్పించేవారు. అవి వింటూ ముందు వరసలో కూర్చుని నిజంగానే ఏడ్చేవారు. ఫోటోగ్రాఫరు ఆ ఘడియ కోసమే కాచుకుని ఉండేవాడు.

పిల్లలు తెలివైనవాళ్ళు. ఆయన దేనికి ఏడుస్తారో తొందరగానే పట్టేశారు. నేను వెళ్ళిన మొదటి సభలో చీమకుర్తి విద్యార్థి ఒకతను, గ్రానైట్ క్వారీలో కాలు పోగొట్టుకున్న తన తండ్రి గురించి చెప్పి మండపమంతా కన్నీళ్ళు పెట్టించాడు. ఆ తండ్రి క్వారీ దగ్గర టీ బంకు నడుపుకుంటారు. వెనక వరసలో రెండు కాళ్ళ మీదా నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

తర్వాత మస్తాన్‌బీని పిలిచారు. ప్రత్తిపాడు అమ్మాయి, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరం. తండ్రి దూది ఏకి పరుపులు కుడతారు. ఫోమ్ పరుపులు వచ్చాక ఆ పని బాగా తగ్గింది. తల్లి కాశింబీ రోజూ గుంటూరు వచ్చి మిరపకాయలకు ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే కూలికి వెళ్తుంది. అమ్మాయి మైకు ముందు ఇవే సంగతులు చెప్పి, ఈ డబ్బుతో హాస్టల్ మెస్ బిల్లు కట్టుకోగలుగుతున్నానని, అందుకు థాంక్స్ అని చెప్పి దిగిపోబోయింది.

వెంకట్రాయుడు గారు ముందు వరసలోంచే ఆపారు. “అమ్మాయ్, మరి కష్టాలేం చెప్పలేదేంటమ్మా?”

“కష్టాలేం లేవండి. ఇద్దరూ పని చేసుకుంటున్నారు.”

“అదేంటి, ముచ్చికలు తీస్తే చేతులు మండవా? ఆ మంటతో ఎట్లా అన్నం తింటదో, ఎట్లా నిద్రపోతదో, అది చెప్పు.”

“మీకు తెలిసే ఉంటదనుకున్నానండి,” అంది అమ్మాయి. “మా అమ్మ తీసేది మీ షెడ్డులోనేగా.”

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, అడిగినదానికి జవాబు చెప్పింది అంతే. మండపంలో ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు. ఆ రోజు వెంకట్రాయుడు గారి కళ్ళు తడవలేదు. భోజనాలు మాత్రం బాగున్నాయి.

వారం తిరక్కుండా ఆయన దగ్గర్నుంచి లేఖ వచ్చింది. విద్యార్థులు వార్షిక సభలో మాట్లాడి ‘తగిన కృతజ్ఞత’ చూపాలని దస్తావేజులో చేర్చాలి. చూపనివారికి రెండో ఏడాది ఇవ్వకూడదు. వెనకే వైస్ చాన్సలర్ గారు ఫోన్ చేశారు. అమ్మాయిల హాస్టల్ మీద ఒక అంతస్తు వేయిస్తానన్న దాత మనసు నొప్పించడం భావ్యం కాదని, ఈ ఒక్క పేరు ఆపేస్తే గొడవ వదులుతుందని సెలవిచ్చారు. ఆ ఆదేశం రాతపూర్వకంగా ఇప్పిస్తే వెంటనే అమలు చేస్తానని వినయంగా మనవి చేశాను. అలాంటి ఆదేశాలు నోటిమాటగా వచ్చినంత వేగంగా కాగితం మీదికి రావు. రాలేదు.

ఈలోగా కాశింబీ కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. షెడ్డు మేస్త్రి ఆమెను రేపటినుంచి రావద్దన్నాడట. నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను.

“దానికేముంది మేడం, గుంటూర్లో మిరపకాయలకి కరువా? పక్క షెడ్డుకి పోతన్నా. దీని చదువు సంగతి చెప్పండి. ఆయన కాళ్ళు పట్టుకోవాలంటే నేను పట్టుకుంటా. ఇది మాత్రం పట్టుకోదు, దీని నాన్న పోలిక.”

“నువ్వెందుకు పట్టుకుంటావమ్మా? తప్పేం మాట్లాడాను?” అంది మస్తాన్‌బీ. గొంతు గట్టిగానే ఉంది కానీ, కళ్ళు నా బల్ల మీద ఉన్న ఆ లేఖ మీదే ఉన్నాయి. మెస్ బిల్లు ఆగితే హాస్టల్ ఖాళీ చేయాలి. ప్రత్తిపాడు నుంచి గుంటూరు దాటి ఇక్కడిదాకా రోజూ తిరగాలంటే ఇక ఆ చదువు సాగదని ముగ్గురికీ తెలుసు.

కాళ్ళు పట్టుకునే నిబంధన ప్రస్తుత దస్తావేజులో లేదని, మార్కులూ హాజరూ చూసుకుంటే చాలని చెప్పి పంపించాను.

దాత లేఖను సవరణ ప్రతిపాదనగా మార్చి మర్నాడే ఫైలు పెట్టాను. దాన్ని నేను ఎక్కడా ఆపలేదు. ఆపాల్సిన అవసరమూ రాలేదు. న్యాయ సలహాదారు, సభలో మాట్లాడటం పరీక్ష కిందకు వస్తుందా, వస్తే రీవాల్యుయేషన్‌కు అవకాశం ఉందా అని అడిగారు. ఫైనాన్స్ ఆఫీసరు, సభకు వచ్చిపోయే విద్యార్థుల బస్సు చార్జీలు ఏ పద్దులో చూపాలన్నారు. ‘తగిన కృతజ్ఞత’కు నిర్వచనం లేదని పాలకమండలి ఉపసంఘం ఆక్షేపించి, దాన్ని తయారుచేయడానికి తెలుగు, తత్వశాస్త్రం, కామర్స్ ఆచార్యులతో ఒక కమిటీ వేసింది. మొదటి ఇద్దరికీ అభిప్రాయం కుదరలేదు. మూడో ఆయన రిటైరయ్యారు.

సవరణ ఆమోదం పొందేదాకా పాత దస్తావేజే చెల్లుతుంది. దాని ప్రకారం మస్తాన్‌బీకి మార్కులున్నాయి, హాజరుంది. రెండో ఏడాది మంజూరు మీద సంతకం చేశాను. వైస్ చాన్సలర్ గారు అడిగినప్పుడల్లా ఫైలు పరిశీలనలో ఉందని చెప్పాను. అది అక్షరాలా నిజం.

ఒక మధ్యాహ్నం వెంకట్రాయుడు గారే స్వయంగా వచ్చారు.

“నా డబ్బు మీద నాకు అధికారం లేదంటారా మేడం?”

“జమ చేసిన రోజున అది మీ డబ్బు కాకుండా పోయిందండి. విరాళం అంటే అదేగా.”

ఆయన టీ కప్పు అందుకుని రెండు గుక్కలు తాగారు. తర్వాత, “ఆ పిల్ల తల్లిని మా మేస్త్రి మాన్పించాడంట. నేను చెప్పలేదండీ, నా ముఖం చూసి వాడే చేశాడు. ఇప్పుడెక్కడ చేస్తంది?” అన్నారు.

పక్క షెడ్డులోనే అని చెప్పాను.

“వాడు కిలోకి ఎంతిస్తన్నాడు?”

మీకంటే ఎక్కువేనని ఆమె చెప్పినట్టు గుర్తని అన్నాను. ఆయన కప్పు కింద పెట్టేశారు. “అదీ సంగతి! సీజన్లో ఆడకూలీలు నా దగ్గర ఎందుకు నిలవట్లేదా అనుకుంటన్నా,” అంటూ లేచారు. కృతజ్ఞత ప్రస్తావన మళ్ళీ రాలేదు. ఆ సీజన్లోనే ఆయన షెడ్డులో రేటు పెరిగింది. కాశింబీ పాత చోటికే తిరిగి వెళ్ళింది. ఉపకారవేతనం సాధించలేని పనిని కూలీల కొరత సాధించింది.

మస్తాన్‌బీ ఎమ్మెస్సీ పూర్తిచేసి విజయవాడలో ఒక బీమా సంస్థలో చేరింది. ఆ తర్వాత చాలా కాలానికి పాలకమండలి తీర్మానం వచ్చింది: సభలో మాట్లాడటం విద్యార్థుల ఇష్టం. ఆ ఏడాది ఎంపికైన పిల్లలంతా ఇష్టపడే మాట్లాడారు. వెంకట్రాయుడు గారు మళ్ళీ ఏడ్చారు.

చార్జి అప్పగించిన రోజున నా తర్వాత వచ్చిన అధికారికి చెప్పింది ఇంతే. దాత వస్తే కూర్చోబెట్టి టీ ఇవ్వండి, చెప్పింది పూర్తిగా వినండి, దస్తావేజులో లేనిది చేయకండి. కాదనడం కష్టమైతే ఫైలు పెట్టండి. అది తిరిగి వచ్చేసరికి పిల్లల చదువు పూర్తవుతుంది.