గుణింతాలక్క

ఆస్పత్రుల్లో రోగుల పేర్లతో చీటీలు ముద్రించే యంత్రాలు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో ఆమెను అందరూ గుణింతాలక్క అనేవారు. ఆ పేరు రావడానికి కారణం ఆమె సొంత అక్క. అక్క నర్సు. ఒకరోజు భోజనం చేస్తూ, "మీ యంత్రం పుణ్యమా అని ఇవాళ ఒక్క పేరు పిలిస్తే ఇద్దరు లేచి నిలబడ్డారే. అక్షరాలమీద గుర్తులన్నీ ఎగిరిపోతున్నాయి. ఒకరి మందు ఇంకొకరి చేతిలో పడేదే," అంది.

చెల్లెలు మర్నాడే ఆ పని పట్టింది. యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాం కంపెనీ సొంతం కాదు. ఎవరైనా వాడుకోండని, మార్చుకోండని ఎవరో రాసి పెట్టింది. దాన్ని ముందేసుకుని మూడు వారాలు తలమునకలైంది. చివరికి గుడులూ కొమ్ములూ చెక్కుచెదరకుండా అచ్చయ్యాయి.

ఆ మార్పులన్నీ ఎవరైనా తీసుకునేలా బయట పెడతానంటే యజమాని మొహం ముడుచుకున్నాడు.

"మన కష్టం తీసుకెళ్లి పోటీవాడి చేతిలో పోస్తావామ్మా?"

"మార్చి అమ్మితే, ఆ మార్పులు కొన్నవాళ్లకి ఇవ్వాలని ఆ ప్రోగ్రాం లైసెన్సులోనే ఉంది సార్. వాళ్లకిచ్చాక ఇక దాచేదేముంది? ఆ షరతు పోటీవాళ్లకీ ఉంది. మనది తీసుకుని, మెరుగులు దిద్ది, తలుపేసుకుని అమ్ముకోడానికి వాళ్లకీ కుదరదు."

"వాళ్లు ఇస్తారని నమ్మకమేంటి?"

"వాళ్ల మంచితనాన్ని నమ్మక్కర్లేదు సార్. రాతలో ఉంది."

గొణుక్కుంటూనే సరేనన్నాడు. ఆరు నెలలు పోటీవాళ్ల నుంచి ఏ మార్పూ రాలేదు. ఎదురుపడినప్పుడల్లా "ఏమన్నా వచ్చిందా?" అని దెప్పేవాడు. ఆమెకూ అనుమానం పీకుతూనే ఉండేది.

ఏడో నెలలో పోటీ కంపెనీ ఇంజనీరు నుంచి మెయిలొచ్చింది. పేరు మరీ పొడవైతే ఆమె రాసినచోట యంత్రం బిగుసుకుపోతోందట. సరిచేసి పంపాడు. మొదట చిన్నబుచ్చుకుంది. రెండోసారి చదివాక ఆ తప్పు తన కంట పడేది కాదని ఒప్పుకుని, ఫోన్ చేసింది.

"మీది చూశాక మేం రాసుకున్నది పక్కన పడేశామండీ," అన్నాడతను. "మేం సరిచేసింది బయటికివ్వడానికి మా సార్ మొదట ససేమిరా అన్నారు. మీరూ దాచుకోలేరని చెబితే మెత్తబడ్డారు."

"మా ఇంట్లోనూ అదే గొడవ లెండి," అందామె నవ్వుతూ.

ఆస్పత్రుల ఆర్డర్ల కోసం రెండు కంపెనీలూ ఇప్పటికీ జుట్లు పట్టుకుంటూనే ఉన్నాయి. ప్రోగ్రాం దగ్గర మాత్రం ఆమె, ఆ ఇంజనీరు ప్రతి బుధవారం ఫోన్లో కూర్చుంటారు. మొన్న యజమాని ఆమె బల్ల దగ్గరకొచ్చి, ఆమెకు తోడుగా ఇంకో ఇంజనీరును తీసుకుంటున్నానన్నాడు.

"ఈ ఏడాది వాళ్లే ఎక్కువ మార్పులు పంపారంట కదా. మనం తక్కువ తిన్నామా?" అంటూ వెళ్లిపోయాడు.