గుడ్డు తినని డాక్టరమ్మ

పొద్దు వాలే వేళకు మూకుట్లో ఆలిచిప్ప గుల్ల ముక్కలు పోస్తాను. కోళ్ళు మూగి టకటకా ఏరుకుంటాయి. పప్పన్నంలో రాయి పంటికింద పడ్డట్టుండే ఆ చప్పుడు వింటే చాలు, డాక్టరమ్మ వచ్చి నా పక్కన గొంతుకూర్చున్నట్టే ఉంటుంది. తిరుపతిలో పశువుల డాక్టరుగా చేసి, రిటైరయ్యాక రేణిగుంట అవతల మా ఊరి పక్కనున్న తమ్ముడి మామిడితోటకు వచ్చి ఉండేది. కొండమీద కైంకర్యం చేసే వైష్ణవుల ఇంటి ఆడబిడ్డ. నుదుట సన్నగా శ్రీచూర్ణం. జన్మలో గుడ్డు రుచి ఎరగదు. కోడిని మాత్రం చంటిబిడ్డలా చంకనెత్తుకునేది. "తిననుగాబట్టే కోడి కనపడతాది నాకు. తినేవాళ్ళకు గుడ్డు దాటి చూపు పోదు" అని నవ్వేది.

నా భర్త చనిపోయిన ఏడాది, ఆయన వదిలిపెట్టిపోయిన కోళ్ళే నాకు కూడూ గుడ్డా. పగలంతా చేలో తిరిగి మేసి, రాత్రికి కొట్టంలో పడుకునేవి. వానలు వెనకబట్టేసరికి ఒక్కొక్కటీ కుంటడం మొదలుపెట్టాయి. గుడ్డు పెంకు పట్టుకుంటే నలిగేది. మా మరిది చెంగయ్య చూసి, "తెగులు తగిలింది వదినా. సచ్చేలోగా కోతకు తోలేద్దాం. రేప్పొద్దున బండి తెస్తా" అన్నాడు. అవి పోతే నాకు ఇంకొకరింట్లో అంట్లు తోమడమే గతి. కాళ్ళకు చెప్పులు కూడా తొడగకుండా మామిడితోటకు పరుగెత్తాను.

డాక్టరమ్మ వచ్చి కుంటే పెట్టను ఎత్తి, నా చేయి పట్టి దాని రొమ్ముకింద పెట్టింది. "తడుము రెడ్డెమ్మా. ఎట్లుండాది?" అంది. రొమ్మెముక కత్తి వాదరలా తిన్నగా ఉండాలట. నా వేళ్ళకు కొడవలిలా వంకర తగిలింది, నడుమ ముడి కూడా.

"విరిగి అతుక్కునింది. ఇది తెగులు కాదు. మేతలో కాల్షియం చాలకపోతే కోడి గుడ్డు మానుకోదు. తన ఎముక కరిగించి పెంకు కడతాది."

"రోజూ గుల్ల పెడతానే ఉండా కదమ్మా!" అని రోషంగా తెచ్చి చూపించాను. పాపం, నోటికి గుచ్చుకుంటుందేమోనని పొద్దున్నే రోట్లో దంచి, జల్లించి కలిపేదాన్ని. ఆమె ఆ పిండి వేళ్ళ సందున రాల్చి, "ఇదేంది, వాకిట్లో ముగ్గేసేదానికా? వచ్చిన దోవనే పోతాది. పెంకు కట్టేది రాత్రిపూట. పలుకుగా కొట్టి మాపటేళ పెట్టు, తెల్లారేదాకా కడుపులో నిలబడి కరుగుతాది" అంది.

తర్వాత తలెత్తి చూసింది. ముంగిసల భయానికి నా భర్త దూలం పక్కనే ఎత్తుగా, కోళ్ళు ఎక్కి పడుకునేందుకు వెదురు దండేలు కట్టాడు. తెల్లారగానే కోళ్ళు అక్కడినుంచి దభీమని రొమ్ముమీద పడేవి. "అవి దించెయ్" అంది.

"ఆయన చేత్తో కట్టినాడమ్మా. నా చేత్తో ఇప్పలేను."

"సరే. ఎక్కేదానికి ఆయన కట్టినాడు, దిగేదానికి మనం కడదాం పట్టు" అంటూ కొంగు నడుముకు దోపింది. ఇద్దరమూ చెక్క పలకమీద అడ్డపుల్లలు కొట్టి దండేలకు ఏటవాలుగా ఆనించాము.

మరునాడు చెంగయ్య బండితో వచ్చాడు. "గుడ్డు మొగం సూడని ఆయమ్మ మాట నమ్ముతాండావా వదినా?" అన్నాడు. కొట్టం గడపకు అడ్డంగా కూర్చున్నాను. తిట్టుకుంటూ ఖాళీ బండి తోలుకుపోయాడు. విరిగిన ఎముకలు తిన్నగా కాలేదు, ఆ వంకరతోనే బతికాయి. కొన్ని బతకలేదు కూడా. కొత్తగా కుంటడం మాత్రం తగ్గుతూ వచ్చింది, పెంకు నెమ్మదిగా గట్టిపడింది.

ఒక మధ్యాహ్నం కోళ్ళను చూడడానికి వచ్చి, "ఏమి తిన్నావు?" అని నన్ను అడిగింది.

"ఈటి పని కానిచ్చి తింటాలేమ్మా. రాత్రి సంగటి కొంచెం ఉండాది."

నా ముంజేయి పట్టి కోడిని తడిమినట్టే తడిమింది. "ఓహో, నువ్వూ ఈ కోళ్ళ జాతేనా! కూర్చో" అని, పొయ్యి తనే రాజేసింది. సంగటి కెలికి నా చేత ముద్ద తినిపించేదాకా కదల్లేదు. మా ఆయన పోయినాక నేను వేడిగా తిన్నది ఆ పూటే.

ఆమె కూడా కాలం చేసింది. ఇప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళు కోళ్ళు చంకన పెట్టుకుని నా దగ్గరికి వస్తారు. పెట్ట రొమ్ము తడిమి, తెలిసింది చెబుతాను, తెలియకపోతే ఆసుపత్రికి పొమ్మంటాను. లేచి పోబోయే మనిషిని మాత్రం ఆపుతాను. "నువ్వు తిన్నావా మే?" అంటాను. ఎక్కువమంది నవ్వి తప్పించుకోజూస్తారు. నేను అప్పటికే కంచం కడుగుతూ ఉంటాను.