మొగిలి బావ పొగపన్ను

మొగిలి నాకు సొంత బావేం గాదు. బొగ్గు కంపెనీ కాలనీల పక్కపక్క క్వార్టర్లల్ల ఉన్నం, అందుకని బావ. ఆయన పెండ్లాం సారవ్వ నాకు అక్క. ఇప్పుడు గోదావరిఖనిల మా సొంతిండ్లు సుత పక్కపక్కనే, నడుమ ఒక్క గోడ. గోడ అవుతల లొల్లయితే కుట్టు మిషిను ఆపి చెవివెట్టి ఇంట. గిరాకీల జాకెట్లు ఆలస్యమైతే నన్ను గాదు, బావను తిట్టాలె.

బావ పడుచుతనంల బొగ్గుబాయిల దిగిండు, రిటైరయ్యేదాక బొగ్గే తవ్విండు. క్వార్టర్ల కరెంటు కంపెనీదే, మాకు బిల్లు ఫికర్ లేకుండె. తెల్లారి ముట్టిచ్చిన హీటరు పొద్దుగూకినా కాలేది. అన్నం దాని మీదనే, తానం నీళ్లు దాని మీదనే, ఏం లేకపోతే ఉత్తగనే ఎర్రగ కాలుకుంట ఉండేది. కరెంటు బుగ్గ బందు చేసినోన్ని పిసినారి అని నవ్వేటోళ్లం. ఉగాదికి ఏసిన కూలరు వానలు పడ్డంకనే ఆగేది.

సొంతింట్లకు వచ్చినంక గూడ గదే అలవాటు. హీటరు పొద్దుమాపు కాలింది. మొదటి బిల్లు వచ్చిననాడు బావ దాన్ని తిరగేసి మరగేసి సూసి, "అనసూర్యా, ఇది మీదేమో" అని నాకిచ్చిండు. నేను నాది తీసి సూపిచ్చిన. నాది ఇంకా ఎక్కువుంది. ఇద్దరం కుర్చీలల్ల కూలవడ్డం.

మీటరు ఖరాబైందేమోనని బావ వైరింగు పనిచేసే జునైద్‌ను పిలిచిండు.

"మీటరు మంచిగనే ఉంది కాకా. హీటరు బందు చెయ్యి," అన్నడు జునైద్. "ఇంకోటేందంటే, బొగ్గు కాలిస్తే గాలి పాడైతది. అందుకని టన్నుకింత అని బొగ్గు మీద పన్నేస్తరు. కరెంటు ప్లాంటోళ్లు అది కట్టి రేట్ల కలుపుతరు. తిరిగి తిరిగి మన బిల్లుకే వస్తది."

"ఆగాగు. బొగ్గు తవ్వినోడెవడు?"

"నువ్వే కాకా."

"పన్ను కట్టేటోడు?"

"గదీ నువ్వే కాకా."

"వారీ!" అని బావ లేచి నిలవడ్డడు. "నేను తవ్విన బొగ్గుకు నేనే జుర్మానా కట్టాల్నా?"

"పొగ తగ్గాలెనని పెట్టిన పన్ను అది. కరెంటు తక్కువ కాలిస్తే నీకు పన్ను గూడ తక్కువే," అని చాయ్ తాగి పోయిండు జునైద్. గా మాట అనకపోయినా బాగుండు!

ఆనాటి నుంచి బావ స్విచ్ బోర్డు కాడ డ్యూటీ ఎక్కిండు. హీటరును గోనెసంచిల కట్టి సజ్జ మీద పడేసిండు. నేను మామిడి తొక్కు కోసం పోయి అక్కతోని రెండు మాటలు మాట్లాడుతుంటే టక్కున బుగ్గ ఆర్పిండు. "మాటలకు ఎలుగెందుకు? సీకట్లనే మంచిగ ఇనవడ్తది," అన్నడు. నవ్వాల్నో తన్నాల్నో తెల్వలె నాకు.

గంతదాక అక్క ఓపిక పట్టింది. ఎండలు ముదిరినయి, రోళ్లు పగిలే ఎండ. బావ కూలరు గూడ ఏయద్దన్నడు. అక్క ట్రాలీ ఆటో పిలిచి, కూలరును తాళ్లతోని కట్టిచ్చి, పక్కన ఎక్కి కూసున్నది. శ్రీరాంపూర్‌ల ఉండే ఆమె చెల్లె పోశవ్వది ఇంకా కంపెనీ క్వార్టరే, బిల్లు లేదు.

"మల్ల ఎప్పుడొస్తవక్కా?"

"ఈ కూలరు తిరిగే ఇంట్లనే నేనుంట. నీ బావకు చెప్పు," అన్నది. గప్పుడు నాకు నిజంగనే భయమైంది. మాట మీద నిలవడే మనిషి ఆమె.

బావ బింకంగనే ఉన్నడు. ఒక్కడే వండుకుంటే అన్నం మాడింది, కూర ఉప్పు కషాయమైంది. ఆఖరుకు అంగీ తొడుక్కొని శ్రీరాంపూర్ బస్సెక్కిండు. పోయిన మనిషి ఇంక రాలె. నాలుగు దినాలకు అక్క ఫోను జేసింది.

"చెల్లె, జల్ది రా! నన్ను తోల్కపోను వచ్చి కూలరు ముంగట పండుకున్నడే నీ బావ! పోదాం లెవ్వంటే, ఉందాం తియ్యి అంటుండు. పోశవ్వ మొకం మాడ్చుకుంటుంది."

పోయి సూద్దును గదా, బావ బొర్ర మీద తడి తువాల ఏసుకొని కాళ్లు బారజాపి పండుకున్నడు. "అనసూర్యా, నువ్వు సుత కూసో. ఉత్తగ వచ్చే గాలి. పన్ను లేదు!" అన్నడు. నేను కడుపు పట్టుకొని నవ్విన. పోశవ్వ గూడ నవ్వింది.

అక్క మాత్రం పోయి కూలరు బందు చేసింది.

"ఎండకాలమొస్తే నైటు డ్యూటీలే అడిగి ఏయించుకుంటివి," అన్నది బావ దిక్కు సూసి. "పగలు దీని ముంగట నువ్వు పండుకుంటివి, రాత్రి నేను పండుకుంటి. ఇద్దరం కలిసి ఒక్క ఎండకాలమన్న పండుకున్నమా? రిటైరైతడు, ఈ ఏడన్న ఇద్దరం ఒక్కకాడ ఉంటమని కాసుక కూసున్న. నువ్వేమో నాకు పొగ లెక్క చెప్పవడ్తివి."

నా నవ్వు ఏడవోయిందో, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బావ లేచి అంగీ గుండీలు పెట్టుకున్నడు. "అనసూర్యా, ట్రాలీ వాన్ని పిలువు," అన్నడు.

కూలరును రెండు చేతుల పట్టుకొని బావ ఎనుక నిలవడ్డడు, అక్క ముంగట కూసున్నది. ట్రాలీ ఇంటికి రాంగనే మా గల్లీల జనమంతా ఊరేగింపుకు వచ్చినట్టు బయటికొచ్చిండ్రు.

పొద్దుగూకినంక గోడ అవుతల బుగ్గలన్ని ఆరినయి, కూలరు బరబరా తిరిగింది. నేను మిషిను ఆపి ఇన్న, అబద్ధమెందుకు.

"పన్నుది నేను సూసుకుంట గని," అన్నడు బావ, "నువ్వు ఇటు పక్కకు జరుగు. గాలి ఇటే మంచిగ తాకుతది."