బావ రాసిన డ్రాయింగు పేపరు

నిన్న సాయంత్రం ఉప్పల్ డిపో దగ్గర షేర్ ఆటో ఎక్కి నాచారం వస్తుంటే, ఒకప్పుడు మా పంపుల ఫ్యాక్టరీ ఉన్న చోట వెలసిన ఫంక్షన్ హాలుకు సీరియల్ బల్బులు కడుతున్నారు. ఆ గేటు కనబడగానే నా చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి, గేటు పాసు కోసం పోయింది. రిటైరై నాలుగేళ్లు దాటినా అంతే, ఏం చేస్తాం! అలవాటు మనిషిని ఎంత పని చేయిస్తుందో చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాల్సిందే.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. రామంతాపూర్ వైపు పాలిటెక్నిక్‌లో నాతోపాటు మెకానికల్ చదివి, మూడేళ్లు నాతో ఒకే అద్దెగదిలో ఉన్నవాడు. ఆ రోజుల్లో డ్రాయింగు హాల్లో ఫ్యాను కింద చోటు దొరకడమే గొప్ప; షీటు మీద చెమటచుక్క పడకుండా నుదుటికి చేతిరుమాళ్లు కట్టుకుని, బ్లేడుతో పెన్సిళ్లు చెక్కుకుంటూ, రబ్బరు పొడిని నోటితో ఊదుకుంటూ సాయంత్రం దాకా నిలబడి గీసేవాళ్లం. మా అందరిలోకీ బావ గీతే సన్నం. అలాంటివాడికి సరిగ్గా ఆఖరి ఏడాది డ్రాయింగు పరీక్ష రోజే వాళ్ల నాన్నను దవాఖానాలో చేర్చాల్సి వచ్చింది. ఆ ఒక్క పేపరూ తప్పింది, తర్వాత ఇంటి బరువు మీద పడి మళ్లీ రాయనే లేదు.

ఇద్దరం ఒకే ఫ్యాక్టరీలో చేరాం. డిప్లమా ఉంది కాబట్టి నేను ఇన్‌స్పెక్టరును, లేదు కాబట్టి అతను హెల్పరు. పదేళ్లు తిరిగేసరికి మెషిన్ షాపంతా అతని చేతి మీదే నడిచేది. కొత్తగా వచ్చిన డిప్లమా పిల్లలు అతని దగ్గరే పని నేర్చుకుని, ఆ తర్వాత అతని మీదే ఆఫీసర్లయ్యారు. రిటైర్మెంట్ రోజు శాలువా కప్పి, పొగిడి పొగిడి, చేతిలో పెట్టిన కాగితంలో మాత్రం 'హెల్పర్' అనే రాశారు. స్టేజీ మీద ఆఫీసర్ల వరుసలో కూర్చున్న నాకు తల కొట్టేసినట్టయింది. బావ ఆ కాగితాన్ని శాలువాలో మడిచి పెట్టుకున్నాడు.

పోయినేడాది ఆ ఫంక్షన్ హాల్లోనే మా మూడో స్నేహితుడి కూతురి పెళ్లి జరిగింది. అతను ఉప్పల్ బస్సు డిపోలో చేసి రిటైరైనవాడు, మేం మామ అని పిలుస్తాం. ఒకప్పుడు లేత్ మెషిన్లుండే చోట కుర్చీలు వేసుకుని, మోకాళ్ల ఆపరేషన్లూ షుగరు మాత్రలూ పిల్లల ఉద్యోగాలూ అన్నీ మాట్లాడుకున్నాక, ఖాళీగా ఎట్లా పొద్దుపోతోందని మామ అడిగాడు. బావ పాన్ ఒక బుగ్గకు తోసి, "ఖాళీ ఏడిది మామా, సదువుకుంటున్న. పాత డ్రాయింగ్ పేపర్ రాస్తున్న. పాతోళ్లకు ఒక్క ఛాన్స్ ఇచ్చిన్రు, గిదే ఆఖరుదట," అన్నాడు. మేం పగలబడి నవ్వాం. అతను నవ్వలేదు.

"గీ వయసుల సర్టిఫికెట్ ఏం జేసుకుంటవ్ బావా?" అన్నాడు మామ.

"హెల్పర్ అని రాసిచ్చిన్రు గదా మామా. గది చెరపనీకి."

నేర్పించే పూచీ నాదని అప్పటికప్పుడే మాటిచ్చాను. మూడు నెలలపాటు రోజూ మధ్యాహ్నం బావ ఇంటికి పోయేవాణ్ని. బావ భార్య, నాకు చెల్లెలి వరస, అన్నం గిన్నెలు ఎత్తేసి టేబుల్ తుడిచి ఇచ్చేది, చాయ్ మీద చాయ్ పెట్టేది. నేను మా పాత సారులాగా చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ, అది సరిగ్గా లేదు, ఇది చెరుపు అని దబాయించేవాణ్ని. డిప్లమా ఉన్నవాణ్ని కదా మరి!

పరీక్ష రోజు గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నాను. బావ మొహం వెలిగిపోతూ బయటికొచ్చి, ప్రశ్నపత్రం నా చేతిలో పెట్టి, చెల్లెకు ఫోన్ కలిపి, "మస్తు రాసిన, పాసైనట్టే. బిర్యానీ వండు," అంటున్నాడు. నేను పేపరు మొదటి వరస చదివాను. అక్కడే ఆగిపోయాను.

వస్తువును ఎదురుగా చూసినట్టు ఒక బొమ్మ, పైనుంచి చూసినట్టు ఇంకో బొమ్మ గీయాలి. పైనుంచి చూసిన బొమ్మను కింద పెట్టడం ఒక పద్ధతి, పైన పెట్టడం ఇంకో పద్ధతి. కాలేజీలో మాకు నేర్పింది కింద పెట్టమని. మా ఫ్యాక్టరీకి బయటిదేశాల నుంచి వచ్చే డ్రాయింగుల్లో మాత్రం అన్నీ పైనే ఉండేవి. ముప్పై ఎనిమిదేళ్లు అవే చూసీ చూసీ, కాలేజీ పద్ధతి ఒకటి ఉందన్న మాటే నేను మరిచాను, మూడు నెలలూ తప్పే నేర్పాను. పేపర్లో మొదటి వరసే కింద పెట్టే పద్ధతిలో గీయమని; చేతి అలవాటు కొద్దీ బావ దాన్ని దాటేసి ఉంటాడు.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటే ఆ పూటకు గడిచిపోయేది. మనసొప్పలేదు, చెప్పేశాను. బావ కళ్లద్దాలు పెట్టుకుని ఆ వరసను రెండుసార్లు చదివాడు. తప్పంతా నాదేనన్నాను.

"నీ ఒక్కనిదే ఎట్లయితది? నేనేం పొల్లగాన్నా? నీకు సర్టిఫికెట్ ఉంది, నాకు లేదు, గంతే ఫరక్. ఇద్దరం సదివింది ఫ్యాక్టరీలనే," అన్నాడు. చెల్లెకు మళ్లీ ఫోన్ చేసి, బిర్యానీ వండమనీ పాసయ్యానని మాత్రం ఎవరికీ చెప్పొద్దనీ అన్నాడు.

అనుకున్నట్టే పరీక్ష పోయింది. ఆఖరి అవకాశమూ నా చేతుల మీదుగానే పోయిందన్న సిగ్గుతో నెల రోజులు వాళ్ల గల్లీ వైపే పోలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి బావే నేరుగా మా ఇంటికొచ్చాడు. చేతిలో పాలిటెక్నిక్ ఎంట్రెన్స్ దరఖాస్తు. వయసు అడ్డం లేదట, నాలుగు చోట్ల అడిగి తెలుసుకున్నాడు.

"మొదటికెల్లి సదువుతా. మూడేండ్లే గదా."

పదహారేళ్ల పిల్లల మధ్య పరీక్ష రాయబోతే, పిల్లలను వదిలి తల్లిదండ్రులు బయటికి వెళ్లాలని ఇన్విజిలేటరు ఇతన్నే మర్యాదగా కోరాడట. బావ హాల్ టికెట్ చూపించి బెంచీ మీద కూర్చున్నాడు. సీటు వచ్చింది.

ఇప్పుడు క్లాసుల్లో సగం డ్రాయింగు కంప్యూటర్ మీదేనట. పెన్సిలు చెక్కేవాడు తానొక్కడేనని చెబుతాడు. నాచారంలో మా సైరన్లు మూగబోయాయి, షెడ్లు గోడౌన్లయ్యాయి, పొద్దున్నే వరసకట్టి సాగే మా సైకిళ్ల జాడ లేదు. నేను మాత్రం ఇప్పటికీ ఐదింటికే లేస్తాను, ఎక్కడికీ పోయేది లేకపోయినా. ఇన్నేళ్లూ బావను చూసి జాలిపడ్డవాణ్ని నేను. ఇప్పుడు ఎనిమిది గంటలకు అతను సంచి భుజాన వేసుకుని బస్సెక్కి వెళ్లిపోతే, సాయంత్రం దాకా నాచారంలో నాతో మాట్లాడే మనిషి లేడు.