గట్టిగా చదివే బృందం

ఇద్దరు మనుషులు ఒకచోట ఊరికే నిలబడి ఉంటే లెక్కల మాస్టారు చూస్తూ ఊరుకోలేరు. ఎక్కడినుంచో మూడోవాణ్ణి పట్టుకొచ్చి, ముగ్గురినీ ఒక బృందం చేసి, దానికో పేరు పెట్టి, శనివారం సాయంత్రం కలవాలని చెప్పి, మీసం దువ్వుకుంటూ వెళ్లిపోతారు. ఊళ్లో బడుల టీచర్లంతా ఒకరికొకరు సాయపడాలని పెట్టుకున్న వేదికకు ఆయన కార్యదర్శి. ఆ పదవి కోసం ఆయన ఎవరినీ అడగలేదు. కార్యదర్శిని ఎన్నుకోవడానికి ఒక బృందం వేశారు. బయటపడే దారి తోచక వాళ్లు ఆయన్నే ఎన్నుకున్నారు.

భిన్నాలు నేర్పే బృందం, చేతిరాత బృందం అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ బల్లల చప్పుడు కొలిచే బృందమొకటి, సుద్దముక్కను చివరిదాకా వాడే బృందమొకటి పుట్టుకొచ్చాయి. బృందాల పేర్లు మరీ పొడుగవుతున్నాయని ఎవరో గొణిగితే, ‘బృందాల పేర్లను అర్థం చెడకుండా కుదించే మార్గాల అన్వేషణ బృందం’ వేశారు.

ఇంకో వింత ఉంది. ఏ బృందానికైనా, ఆ విషయం బొత్తిగా రానివాడే కన్వీనరు. జ్యామితి బృందానికి సంగీతం టీచరు, పద్యాల బృందానికి డ్రిల్లు మాస్టారు. ఇదేం పద్ధతని అడిగితే, తెలిసినవాడు కన్వీనరైతే మిగతావాళ్లు నిద్రపోతారనేవారు.

ఇంట్లోనూ అదే వరస. వంటింటి కుళాయి కారుతోందని భార్య చెబితే, బాగుచేసేవాణ్ణి పిలవడానికి బదులు పై వాటా ఆయన్నీ, తన బావమరిదినీ కలిపి కుళాయి బృందం చేశారు. పాత తగాదా వల్ల ఆ ఇద్దరికీ మాటల్లేవు. కుళాయి సంగతేమైందని ఎవరైనా అడిగితే ఆవిడ నిట్టూర్చి, “అది కారుతూనే ఉంది. వాళ్లిద్దరూ మాత్రం దాని కింద కూర్చుని టీ తాగుతున్నారు” అనేది.

ఇలాంటి మాస్టారి బడిలోకి కొత్త సైన్సు మాస్టారు వచ్చిపడ్డాడు. కుర్రవాడు. దొరికిన పుస్తకమల్లా చదివి, లోకం నడిచే తీరు మీద మనసు విరిగినవాడు. వచ్చిన వారానికే అతన్నీ డ్రాయింగు మాస్టారినీ ‘జవాబు పత్రాలు గట్టిగా చదివి దిద్దే పద్ధతి అధ్యయన బృందం’లో పడేశారు. కన్వీనరు చరిత్ర మేడమ్. వచ్చే వేసవికి రిటైరయ్యే మనిషి.

శనివారం వస్తే లైబ్రరీలో ఇతను పిల్లల జవాబులు చదవాలి, మేడమ్ కళ్లు మూసుకుని వినాలి, ఆవిడ చెప్పిన మార్కులు డ్రాయింగు మాస్టారు వెయ్యాలి.

“రాజుగారు చెట్లు నాటించెను. పిదప మరణించెను. పిదప రోడ్లు వేయించెను” అని ఇతను పళ్లు కొరుకుతూ చదివాడొకసారి.

“పోయాక కూడా ఊరి గురించి ఆలోచించాడు. అర మార్కు వెయ్యండి” అందావిడ.

చదువుకున్న ముగ్గురు మనుషులు ఒకరు చేసే పనికి కూర్చోవడం అతనికి ఒళ్లుమంట. నివేదిక ఇవ్వని బృందాలన్నీ రద్దు చేయాలని తీర్మానం రాసి, వార్షిక సమావేశంలో పెడతానని బడి బడికీ తిరిగి సంతకాలు పట్టాడు. అందరూ ఎగబడి పెట్టారు. లెక్కల మాస్టారికి సంగతి తెలిసి అతన్ని వరండాలో ఆపారు. ఇక తిట్లు తప్పవనుకున్నాడతను. ఇంత పెద్ద పని ఒక్కడే ఎలా చేస్తాడని ఆయన నొచ్చుకుని, సంతకాలు సేకరించడానికి ఇద్దరు సభ్యుల్ని ఇస్తానన్నారు.

సమావేశం రోజు పొద్దున మేడమ్ సంతకం ఒక్కటే మిగిలింది. లైబ్రరీలో కూర్చుని ఉన్న ఆవిడకు కాగితం ఇచ్చాడు. ఆవిడ దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, బాగుందని మెచ్చుకుని, టైపు చేసిన వరసల మీదుగా అడ్డంగా సంతకం పెట్టేసింది.

“మేడమ్, ఇందులో ఏముందో చూశారా?”

“నువ్వు చదివితే వింటాను నాన్నా.”

అతను వంగి ఆవిడ కళ్లలోకి చూశాడు. ఆవిడే మెల్లగా చెప్పింది. చూపు మధ్యలో మచ్చ పడిందట. మనుషులు ఆనుతారు గానీ అక్షరాలు ఆనవట. పాఠాలు నోటికే వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు, పేపర్ల దగ్గరే చిక్కు. పైవాళ్లకు తెలిస్తే వేసవి దాకా ఉండనివ్వరు.

“మాస్టారికి చెప్పారా?”

“ఎవరికి చెప్పను? ఒకరోజు పేపర్లు తలకిందులుగా పెట్టుకుని కూర్చున్నానని తర్వాత ఓ పిల్ల చెప్పింది. ఆయన చూసి, పలకరించకుండానే వెళ్లిపోయారు. మర్నాడొచ్చి నన్ను కన్వీనర్ని చేశారు.”

అతను కాగితం పుచ్చుకుని వరండాలోకి వచ్చాడు. బల్లల చప్పుడు బృందం గుర్తొచ్చింది. దాని కన్వీనరు క్లాసులో పిల్లలు అతని మాట బొత్తిగా వినేవారు కాదు. చప్పుడు కొలిచే నెపంతో ఇద్దరు పెద్ద టీచర్లు రోజూ వెనక బల్ల మీద కూర్చునేసరికి క్లాసు కుదుటపడింది. ఆ కన్వీనరు ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు. పైగా వాళ్ల మీద అధికారం చెలాయించాడు. సాయం ఎవరికి కావాలో వాళ్లే కన్వీనర్లన్నమాట.

సాయంత్రం తీర్మానం పిలిచేసరికి హాలంతా ఉత్సాహంగా ఉంది. వెనక్కి తీసుకుంటే ఎందుకని నిలదీస్తారు. నిజం చెబితే మేడమ్ ఉద్యోగం పోతుంది. చెప్పకుండా ముందుకు వెళ్తే ఆవిడ పేపర్లు చదివే దిక్కు ఉండదు. మొదటి వరసలో ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, శనివారాల్లో అతను చదివితే వినేటప్పటిలాగే తల వంచి కూర్చుంది.

“ఏది ఉండాలో ఏది పోవాలో తొందరపడి తేల్చకూడదు” అన్నాడతను. తర్వాతి మాట చేదు మందులా మింగలేక కక్కలేక, “పరిశీలనకు ఒక బృందం వెయ్యాలి. నివేదిక వేసవి తర్వాత” అన్నాడు.

హాలు గొల్లుమంది. నువ్వు కూడానా అని డ్రిల్లు మాస్టారు తల పట్టుకున్నాడు. అయినా బద్దకంగా చేతులు లేచాయి, తీర్మానం అటకెక్కింది. లెక్కల మాస్టారి ముఖం వెలిగిపోయింది. కన్వీనరుగా కొత్త సైన్సు మాస్టారి పేరు ఆయనే చదివారు.

అందరూ వెళ్లిపోతుంటే కుర్రవాడు ఆయన్ని పక్కకు లాగాడు.

“మాస్టారూ, కన్వీనర్లను మీరెలా వేస్తారో నాకిప్పుడు తెలుసు. నాకేం తక్కువని నన్ను వేశారు?”

ఆయన విననట్టే మీసం దువ్వుకున్నారు.

“మీ బృందం శనివారాలు కాదు బాబూ, రోజూ మధ్యాహ్నం కలవాలి. ల్యాబులో తలుపేసుకుని ఒక్కడివే తింటున్నావు గదా, అక్కడ నలుగురికి చోటు చాలదు. రేపట్నుంచి బాక్సు పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చెయ్.”