మూతలో తినే మనిషి

హాస్టల్ మెస్‌లో అందరి భోజనాలూ అయిపోయాక కరుణ అన్నం బగోన మూతను వెల్లకిలా తిప్పుతుంది. బగోన అడుగున అంటుకున్నది గరిటెతో గీకి అందులో వేసుకుంటుంది. పైన ఏ కూర మిగిలితే ఆ కూర. తర్వాత గోడవైపు తిరిగి, నిలబడే, గబగబా తినేస్తుంది. ఎవరో లాక్కుపోతారన్నట్టు కాదు. ఎవరూ చూడకముందే ముగించాలన్నట్టు.

యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో ఆమె చేరి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె ముందు పళ్లెం చూసినవాళ్లు లేరు. తోటి వంటమనిషి లచ్చవ్వ అలా కాదు. పొద్దున ఇడ్లీల మొదటి వాయి దిగగానే రెండు పెట్టుకుని పీట మీద కూర్చుంటుంది. చల్లారితే తనకు సయించదంటుంది. కరుణను చూసి నవ్వుతుంది.

"గీడ గన్ని పళ్లాలున్నయ్. నువ్వేమొ మూత పట్టుకోని తిరుగుతవ్. బగోనకు నీకు లగ్గమైందా పిల్లా?"

కరుణ కూడా నవ్వేది. చదువుకునే పిల్లలు తినకముందు వంటవాళ్లు తినకూడదని అక్కడెవరూ నియమం పెట్టలేదు. ఆ నియమం కరుణ తనవెంట తెచ్చుకున్నది.

జనగామ వైపు పల్లెలో ఆమె తల్లి ఒక పటేలింట్లో గిన్నెలు తోమేది. మధ్యాహ్నం వెనక తలుపు దగ్గర మిగిలిన అన్నాన్ని ఒక పాత మూతలో వేసి బయటికి జరిపేవారు. ఇంట్లో గిన్నె ఇస్తే గిన్నె మైలపడుతుంది. తల్లి ఆ మూతను కొంగుకింద పెట్టుకుని వచ్చి, పిల్లలకు పెట్టి, చివరికి గోడవైపు తిరిగి తినేది. ఏడుస్తూ తినేదో, ఊరికే తినేదో కరుణకు తెలియదు. ముఖం ఎన్నడూ చూడలేదు. వీపే చూసింది.

పెళ్లయి తార్నాక వచ్చింది. భర్త సామేలు క్యాంపస్‌లో వాచ్‌మన్. అతను చనిపోయిన ఏడాదే ఆమెకు షుగర్ బయటపడింది. మొదట ఎడమకాలి బొటనవేలు తీసేశారు. ఇప్పుడు అదే కాలి మడమ మీద పుండు.

డాక్టరమ్మ చెప్పింది తేలిక మాటే. పొద్దున ఇన్సులిన్ సూది, సూది వేసుకున్న కాసేపటికే తిండి, వేళకింత కొంచెం. పుండు ఎముకదాకా పోతే పాదం తీసెయ్యాలి. పాదం పోతే పొయ్యి దగ్గర నిలబడే పని పోతుంది. కరుణకు వచ్చిన పని నిలబడటమే.

సూది వేసుకుంటే వేళకు తినాలి. వేళకు తినాలంటే పిల్లలకన్నా ముందు తినాలి. ఆమె సూది మానేసింది. కూతురు స్నేహలతకు చెప్పలేదు.

ఈస్టర్ ముందరి శ్రమల దినాలు వచ్చాయి. ఆమె ఉపవాసం పట్టింది. తినడం వల్లే కదా ఈ జబ్బు, తినకపోతే అదే దిగుతుంది, దేవుడు కూడా చూస్తాడు అనుకుంది. పొద్దంతా మంచినీళ్లు. సాయంత్రం ప్రార్థన చేసుకుని మెస్‌లో మిగిలినదాంతో ఉపవాసం విడిచేది. చల్లారిన పూరీలు, గట్టిపడ్డ అన్నం, ఎవరూ తినని సేమ్యా పాయసం. పారేస్తే పాపం. తన కడుపులో పారేస్తే పాపమని తోచలేదు.

పుండు నల్లబడింది. ఆమె మరింత గట్టిగా ప్రార్థించింది. ప్రార్థనలో కూడా తన కాలు చివరికే వచ్చేది. స్నేహలత ఉద్యోగం, లచ్చవ్వ మోకాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు, అందరూ అయ్యాక. ఒక్కోసారి అక్కడిదాకా రాకముందే నిద్రపోయేది.

తార్నాక సందులో రేకుల కప్పున్న చర్చి వాళ్లది. నెల మొదటి ఆదివారం అక్కడ ప్రభు సంస్కారం ఇస్తారు, ఏసు శరీరమని తలో రొట్టె ముక్క పంచుతారు. ఆ రొట్టె చేసేది కరుణే. శనివారం విడిగా ఉంచిన పిండి తీసి, విడిగా ఉంచిన పెనం మీద కాలుస్తుంది. అంతసేపూ నోరు విప్పదు, తుంపర పడుతుందని. ఆదివారం పాస్టర్ ఆ రొట్టెను విరిచి పళ్లెంలో పెట్టి, ఎవరిని వాళ్లు పరీక్షించుకుని చెయ్యి చాపమంటాడు. పళ్లెం చివరి బెంచీదాకా వస్తుంది. కరుణ తనను పరీక్షించుకుంటుంది. పళ్లెం పక్కమనిషికి అందిస్తుంది.

ఆరాధన అయ్యాక పళ్లెం కడిగేది కూడా ఆమే. మిగిలిన ముక్కలు పారేయకూడదు. వెనకగదిలో గోడవైపు తిరిగి వాటిని ఆమే తినేది.

ఆ నెల సంస్కారం రోజు పక్కనున్న ఆవిడ పుండు వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లేచి వేరే బెంచీకి వెళ్లింది. ముందు వరసలో పాటలు పాడే స్నేహలత అది చూసింది. ఆరాధన ముగియగానే వెనకగదికి వచ్చింది. తల్లి వీపు కనిపించింది.

"అమ్మా, ఏం తింటున్నవ్?"

"మిగిలింది బిడ్డా. పారెయ్యద్దు గదా."

"ఇందాక పళ్లెం నీ దగ్గరికొస్తె ఎందుకు తీసుకోలే? గది గూడ గదే రొట్టె. నువ్వే చేసినవ్."

"గప్పుడది అందరిది. ఇప్పుడు మిగిలింది."

స్నేహలత కింద కూర్చుని తల్లి చీర అంచు పైకెత్తి కట్టు విప్పింది.

ఆస్పత్రికి పోయే ఆటోలో ఒక్కొక్కటే బయటికి వచ్చింది. సూది, ఉపవాసం, పాయసం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు పుండులోకి సన్నని పట్టకారు దూర్చాడు. కరుణకు నొప్పి తెలియలేదు. నొప్పి లేదని చెబితే మంచిదే అనుకుని చెప్పింది. అతని ముఖం మారింది. ఎముకకు పట్టినట్టుంది అన్నాడు. మంచాలు ఖాళీ లేవు. మందులు రాసిచ్చి, బుధవారం పెద్ద డాక్టరు చూసి ఎక్కడిదాకా తీయాలో చెబుతాడని, అప్పటిదాకా ఆ కాలి మీద బరువు వేయొద్దని పంపించాడు.

తిరుగు ఆటోలో స్నేహలత విద్యానగర్ దాటాక అడిగింది.

"నా టిఫిన్ డబ్బల ఎన్నడన్న అడుగు గీకింది పెట్టినవా?"

"ఏం మాటలే గవి. నీకెందుకు పెడ్త?"

"మరి నువ్వెవలు?"

కరుణ జవాబు వెతికింది. సామేలు భార్య, స్నేహలత తల్లి, మెస్ కరుణ. ఏదీ ఆ ప్రశ్నకు సరిపోలేదు. తార్నాక చౌరస్తాలో ఆటో ఆగింది. మెట్రో స్తంభాల నీడ ఒళ్లో పడింది.

"నీ కాలు పోతె నేను చూసుకుంట," అంది స్నేహలత. "గని, నువ్వు కుక్కకేసినట్టు నీకు నువ్వు ఏసుకునుడు నేను చూడలేనమ్మా."

తను తినేటప్పుడు బిడ్డ కూడా వీపే చూసిందని కరుణకు అప్పుడు తెలిసింది. ఆమెకు ఏడుపు రాలేదు. చీకట్లో మెట్టు ఉందనుకుని అడుగు వేస్తే లేనట్టు, లోపల ఏదో జారింది.

మరునాడు పొద్దున లీవు చెప్పడానికి ఆటోలో మెస్‌కు వెళ్లింది. వంటగది మూలలో సూది వేసుకుంది. మొదటి వాయి దిగింది. చెయ్యి అలవాటుగా మూతమీదికి పోయింది, అక్కడే కాసేపు ఆగింది. తర్వాత దొంతరలోంచి పిల్లలు తినే స్టీలు పళ్లెం ఒకటి తీసింది. రెండు ఇడ్లీలు, సాంబారు. లచ్చవ్వ పీట మీదనుంచి లేచింది.

కరుణ పీట మీద కూర్చుంది, ముఖం హాలు వైపు. బయట పిల్లల వరస పెరుగుతోంది. సూపర్‌వైజర్ నాగేష్ తలుపులోంచి తొంగిచూసి, అక్కా, సాంబార్ బకెట్ అందియ్యమన్నాడు.

"తింటున్న," అంది కరుణ.

కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఈసారి కాలు ముందు వచ్చింది. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది. వరసలోని పిల్లలు చూస్తున్నారు. ఆమె తల దించుకోలేదు, తిరగనూ లేదు. నమిలి, మింగి, రెండో ముక్క తుంచింది.